మూడో పిస్టన్

మోటారు రంపంలోంచి తీసిన పిస్టన్‌ని గుడ్డతో తుడిచి కిటికీ వెలుగులో చూశాడు మెకానిక్. పొగ బయటికి పోయే వైపు నిలువునా గీతలు. మొదటి రెండూ ఇలాగే పాడయ్యాయి. చెట్లు కోసే పెద్దాయన బల్లకి అవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈసారి పెట్రోల్లో నూనె నువ్వే కలిపిచ్చావు తమ్ముడూ. ఇప్పుడేమంటావు?"

మెకానిక్ పిస్టన్‌ని బల్ల మీద పెట్టాడు. రెండుసార్లూ నూనె తక్కువైందనే తేల్చేశాడు. "రంపం పట్టగానే సరిపోదన్నా, యాభై పాళ్ల పెట్రోలుకి ఒక పాలు నూనె, ఆ లెక్క కూడా రావాలి" అని నలుగురినీ నవ్వించాడు కూడా.

ఇంజిన్ లోపలికి గాలి కొట్టి, పైన సబ్బునీళ్లు పోసి ఎక్కడైనా లీకుందేమో చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. ఇక మిగిలింది ఇంజిన్‌కి పెట్రోలు ఎంత అందాలో చూసే స్క్రూ. బిగించేకొద్దీ పెట్రోలు తగ్గి, ఇంజిన్ వేగమూ మోతా పెరుగుతాయి. దాన్ని ఎప్పుడూ చెవితోనే సరిచేస్తాడు. వేగం కొలిచే మీటరు బీరువాలోనే ఉంటుంది; అది చేతకానివాళ్లకంటాడు.

కొత్త పిస్టన్ వేసి, ఇంజిన్ నడిపి, స్క్రూ బిగించసాగాడు.

"బావా, చాలు!" పక్క బల్ల నుంచి బావమరిది కేకేశాడు. "ఇంకా ఎంత బిగిస్తావు? గొంతు కోస్తున్నట్టు అరుస్తోంది!"

మెకానిక్‌కి మూలుగు తప్ప అరుపేమీ వినపడలేదు. పోయినసారీ వీడు ఇదే అంటే, నీ పని చూసుకోమని కసిరాడు.

బీరువా తెరిచి మీటరు పెట్టాడు. ఉండాల్సినదానికన్నా నిమిషానికి మూడు వేల చుట్లు ఎక్కువ చూపించింది. ఇంజిన్ ఆపేశాడు.

ఏడాదిగా తెలుసు. ఇంట్లో భార్య పిలిచినా పలక్కపోతే పొగరనుకున్నా ఫర్వాలేదు, చెవుడనుకోకూడదు అనుకున్నాడు.

"అన్నా, తప్పు నూనెది కాదు. నాకు సరిగ్గా వినపడదు. మూడుసార్లూ పెట్రోలు చాలకుండా బిగించేశాను, దాంతోపాటు వెళ్లే నూనే పిస్టన్‌కి అందలేదు."

పెద్దాయన తిట్టుంటే తేలికయ్యేది. ఆయన గుమ్మం వైపు చూశాడు.

"నూనె కలిపేది మా అమ్మాయి. నీ మాట పట్టుకుని రెండు నెలలుగా దాన్ని డబ్బా ముట్టనివ్వలేదు. దేనికీ పనికిరావన్నాను. అదిగో, బండిలో ఉంది. ఈ మాటేదో దానికి చెప్పు."

మెకానిక్ చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు. బావమరిది పని ఆపి చూస్తున్నాడని వెనక్కి తిరక్కుండానే తెలిసింది. అమ్మాయి అద్దం దించింది. టైరు వైపు చూస్తూ జరిగిందంతా చెప్పాడు. తలెత్తేసరికి ఆమె ఏదో అంటోంది. పెదవులు కదలడమే కనిపించింది. అలవాటుగా తల ఊపబోయి ఆగాడు.

"వినపడలేదమ్మా. ఇంకోసారి గట్టిగా చెప్పు."