గోడ అవతలి బిడ్డ

"నువ్వు కూడా రావే. యాత్రలో వంటకి మనుషులు తక్కువయ్యారంట" అన్నాడు మా ఆయన.

మిరప కళ్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాను. వారం రోజులుగా అదే పని. చేతులు ఎంత కడిగినా మంట పోవడం లేదు. పవిత్ర సంవత్సరం ముగింపుకొచ్చింది. బిషప్పుగారు, అదే మేత్రాణులు, చెప్పిన గుడికి యాత్రగా వెళ్లి, గురువుకి పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసి, పూజలో పాల్గొంటే గొప్ప ఫలమని ప్రతి ఆదివారం మా స్వాములవారు చెబుతూనే ఉన్నారు. మా ఆయన ఒకసారి వెళ్లొచ్చాడు. అత్తయ్య రెండుసార్లు వెళ్లింది. నా వంతు వచ్చేసరికి కలుపో, కోతో, గేదె ఈనడమో ఏదో ఒకటి అడ్డం. "ఇంట్లో కూర్చుని జపమాల చెప్పుకుంటే దేవుడు వినడా?" అనేది అత్తయ్య. అంత బాగా వినే దేవుడి దగ్గరికి ఆవిడ రెండుసార్లు ఎందుకు వెళ్లిందో నేను అడగలేదు.

"వస్తాను" అన్నాను. వంటమనిషిగా పిలిచినా సరే. ఎవరూ నన్నెరగని చోట, నన్నెరగని గురువుని ఒక మాట అడగాలి.

పన్నెండేళ్ల కిందట, ఇలాగే మిరపకోతల్లో, నాకు మొదటి కాన్పయింది. ఎనిమిదో నెల. ఆడపిల్ల. పుట్టిన కాసేపటికే ఒళ్లు నీలంగా మారింది. స్వాములవారిని తీసుకొస్తానని మా ఆయన సైకిలెక్కి ప్రత్తిపాడు వెళ్లాడు. అత్తయ్య వాకిట్లో మోకరించి జపం చేస్తోంది. గదిలో నేనూ, మంత్రసాని మస్తాన్‌బీ. పిల్ల ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆపద వేళ ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని చిన్నప్పుడు బడిలో మఠం అమ్మగార్లు మాకు కంఠతా పట్టించారు. చెంబు అందుకున్నాను. పేరు ఆలోచించే వ్యవధి లేదు. నోటికి నా చిన్నప్పుడే పోయిన మా అమ్మమ్మ పేరే వచ్చింది. ఆగ్నేసూ అని పిలిచి, మాటలు చెప్పి, మూడుసార్లు నుదుటి మీద నీళ్లు పోశాను. నీళ్లు చల్లగా తగిలాయేమో, కళ్లు తెరిచింది. అంతే.

స్వాములవారు ఊళ్లో లేరు. మా ఆయన, ఊళ్లో ప్రార్థనలు నడిపించే ఉపదేశి లూర్దయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి బిడ్డ చల్లబడిపోయింది. నేను ఇచ్చానండీ జ్ఞానస్నానం అన్నాను. అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "బాలింతవి, మైల మనిషివి! ఆ చేత్తో పోసిన నీళ్లు జ్ఞానస్నానం ఎట్టా అవుద్దే? పాపం మూటగట్టుకున్నావు గదే!" లూర్దయ్యగారు గడ్డం గోక్కుని, పెద్దావిడ చెప్పిందీ నిజమేనన్నాడు. మా ఆయన నేల చూశాడు. జ్ఞానస్నానం లేని బిడ్డని సమాధుల దొడ్డి గోడకు అవతల, జిల్లేళ్ల పక్కన పెట్టారు. శిలువ లేదు. పేరు సంగతే లేదు. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. అత్తయ్య వాళ్లనే ఒకటి, రెండు అని లెక్క చెబుతుంది.

ఏటా సమాధుల పండక్కి అందరూ సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నేనూ మామగారి సమాధి కడుగుతాను. గోడ అవతలికి చూస్తే అత్తయ్య దగ్గుతుంది. మా స్వాములవారిని నేనెందుకు అడగలేదో ఎవరికీ తెలియదు. భయం. అడగనంతకాలం, నేనిచ్చింది జ్ఞానస్నానమే అయ్యుంటుందిలే అన్న ఆశ ఒకటి మిగులుతుంది. అడిగాక కాదంటే, నా బిడ్డ నిజంగానే గోడ అవతల ఉండిపోతుంది. ఆ ఆశనే పన్నెండేళ్లు కొంగున కట్టుకుని తిరిగాను. ఈ ఏడు దాటితే ఇక అడగలేననిపించింది.

శుక్రవారం పొద్దున్నే రెండు ట్రాక్టర్ల మీద బయల్దేరాం. మగవాళ్లు జెండా పట్టుకుని ముందు ట్రక్కులో, ఆడవాళ్లం గుండిగలు, కట్టెలు, బియ్యం బస్తాలతో వెనక ట్రక్కులో. దారంతా పాటలు. గుడి దగ్గర దిగగానే వాళ్లు పాపసంకీర్తనానికి వరసలో నిలబడ్డారు. మేం పొయ్యిలు పెట్టుకున్నాం. నూటయాభై మందికి పులిహోర, పెరుగన్నం. ఒక వాయి దించేలోపు ఇంకో వాయి. వరస తరిగిపోవడం ఇక్కణ్ణించే కనపడుతోంది. ఇంకో పది మంది. ఇంకో ఆరుగురు. ఆ తర్వాత గురువులు పూజకి లేస్తారు.

మా ఆయన పని ముగించుకుని, మంచినీళ్ల కోసం ఇటు వచ్చాడు. గరిటె ఆయన చేతిలో పెట్టాను.

"ఏందిది?"

"అడుగంటకుండా తిప్పుతుండండి. వస్తాను."

ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. నేను వెనక్కి చూడలేదు.

వరస చివర నిలబడి, నా వంతు రాగానే లోపలికెళ్లి మోకరించాను. జాలీకి అవతల ముసలి గురువు గొంతు. క్రిస్మస్‌కి చేసిన పాపసంకీర్తనంలో ఒక పాపం దాచానన్నాను. పన్నెండేళ్లుగా దాస్తున్నానన్నాను. మైల చేత్తో బిడ్డకి జ్ఞానస్నానం ఇచ్చానని చెప్పాను.

ఆయన జాలీ దగ్గరికి వంగాడు. "ఏమని చెప్పి పోశావమ్మా?"

"ఆగ్నేసూ, పితయొక్కయు, పుత్రునియొక్కయు, పవిత్రాత్మయొక్కయు నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను." ఒక్క అక్షరం తడబడలేదు. అంట్లు తోముతూ, పేడ ఎత్తుతూ ఎన్ని వేలసార్లు అనుకున్న మాటలో.

"మరియతల్లిదీ పురుడేగదమ్మా" అన్నాడాయన. "మైల ఏంటి? నువ్విచ్చింది జ్ఞానస్నానమే. ఆ బిడ్డ దేవుడి దగ్గరుంది. ఇది పాపం కాదు. క్షమించడానికి ఇందులో ఏమీ లేదు. మిగతా పాపాలు చెప్పు."

ఏడుపొస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. ఇంత చిన్న మాట. ఒక్కరు చెప్పి ఉంటే చాలు. ఒక్కరు అడిగి ఉంటే చాలు. మిగతా పాపాలంటే ఆ కోపం ఒక్కటే గుర్తొచ్చింది. అదే చెప్పాను.

బయటికొచ్చేసరికి చెట్టు కింద లూర్దయ్యగారు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పూజలో చదవడానికి ఇంటింటి చనిపోయినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. మా ఆయన గరిటె ఎవరికో అప్పగించి వచ్చినట్టున్నాడు, పక్కన నిలబడి చెబుతున్నాడు. నాన్న పేరు, తాత పేరు, బాబాయి పేరు.

"అంతేనా బాలశౌరీ?"

"అంతేనండి."

"ఇంకొకటి ఉంది. ఆగ్నేసు" అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగాడు. "అదెవరే? మనాళ్లల్లో ఆ పేరుగలాళ్లెవరూ లేరే?"

ఆయన ముఖంలోకి చూశాను. నటన కాదు. నిజంగానే తెలియదు. జ్ఞానస్నానం ఇచ్చానని ఆ రోజు నేను అరిచి చెప్పినా, ఏం పేరు పెట్టావని ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు.

"మన పెద్దమ్మాయండి" అన్నాను.

లూర్దయ్యగారి కలం ఆగింది. మా ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడెందుకే అయ్యన్నీ. అమ్మకి తెలిస్తే ఒప్పుకోదు."

"అత్తయ్యని అడగడం లేదు. మిమ్మల్నీ అడగడం లేదు. లోపల గురువుగారిని అడిగే వచ్చాను. రాయండి లూర్దయ్యగారూ."

లూర్దయ్యగారు గుడి తలుపు వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. కాగితం సర్దుకుని రాశాడు.

పూజలో పేర్లు చదివేటప్పుడు ఆడవాళ్ల వైపు నేలమీద కూర్చుని ఉన్నాను. లూర్దయ్యగారిది పెద్ద గొంతు. మామగారి పేరు, ఆయన తండ్రి పేరు, బాబాయి పేరు వరసగా వచ్చాయి. తర్వాత "బాలశౌరి, ఆరోగ్యమ్మల కూతురు ఆగ్నేసు" అన్నాడు. పన్నెండేళ్లలో ఆ పేరు ఇంకొకరి నోట వినడం నాకదే మొదలు.