వెల్-నోన్ మధ్య గీత

ఆ ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్ మాటకు తిరుగులేదు. ఒక డాక్టరు గురించిన ఇంగ్లీషు కరపత్రంలో "ది డాక్టర్ ఈజ్ వెల్ నోన్" అన్నచోట, చివరి రెండు మాటల మధ్య చిన్న గీత లేదని టైపింగ్ అక్కను అందరి ముందూ దులిపేశాడు.

"పదో తరగతి దాటనివాళ్ళకి ఇంగ్లీషు అప్పగిస్తే ఇంతే," అన్నాడు.

ఆమె మారుమాట్లాడకుండా గీత పెట్టింది. వెయ్యి కాపీలు అచ్చయిపోయాయి.

మర్నాడు ప్రూఫ్‌రీడర్ వేరే అనుమానం తీర్చుకుందామని వ్యాకరణ పుస్తకం తెరిస్తే సరిగ్గా ఆ మాటే కంటబడింది. "వెల్-నోన్ డాక్టర్" అని డాక్టరుకు ముందు వస్తేనే గీత కావాలి. తర్వాత వస్తే అక్కర్లేదు. పుస్తకం మూసేసి ఊరుకుందామనుకున్నాడు గాని, మనసొప్పలేదు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"అక్కా, నిన్నటి తప్పు నాదే."

"తెలుసు సార్. పదిమందిలో కాదంటే మీ పరువు పోతుందని ఊరుకున్నాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. తిట్టడానికి అంతగా లేచిన గొంతు ఒప్పుకోవడానికి గుసగుసైపోయిందని అప్పుడు తెలిసొచ్చింది.

"మిషన్ ఒక్క నిమిషం ఆపండయ్యా," అని కేకేసి, చెవులు ఎర్రబడుతుండగా, అందరూ వినేలా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.