గంగులు ఎడమ కాలు

నాకు కోపం ఎక్కువని మా కొత్తవలస బాప్టిస్టు సంఘంలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. పేరు బెన్హర్. సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. లద్దాఖ్ మంచుకొండల్లో పోస్టింగు ముగించుకుని సెలవు మీద వస్తూ, సొంతూళ్ళో రైలు దిగకుండా ముందు కళింగపట్నం పోయాను. అక్కడ మా పోస్టు జవాను గంగులు ఎడమ కాలు ఎలా ఉందో కళ్ళారా చూస్తేగాని నాకు ఇంటి అన్నం సయించదు.

గొడవంతా నా గొప్పతోనే మొదలైంది. కొండ మీద రోజూ సాయంత్రం అందరి చేతా బూట్లు, మేజోళ్ళు విప్పించి పాదాలు చూడటం నా పని. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూడాలి. చలికి తెల్లబడి మొద్దుబారిన వేలు కనబడితే మనిషిని వెంటనే కిందికి పంపాలి, ఆలస్యం చేస్తే ఆ వేలు తీసేయాల్సి వస్తుంది. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ లీలారాణి నవ్వింది.

"ప్రభువు శిష్యుల కాళ్ళు ఒక్కపాలే కడిగేడు. నువ్వు దినాం పట్టుకుంతన్నావు. గొప్పోడివేలే."

గొప్పే మరి. ఆ చలికాలమంతా మా పోస్టులో ఒక్కడికీ ఒక్క వేలూ పోలేదు. జవాన్లు డాక్టర్ సాబ్ అని పిలుస్తుంటే నేనేం కాదనలేదు. పై అధికారి రేడియోలో మెచ్చుకున్న రోజున నాకంటే గంగులే ఎక్కువ పొంగిపోయాడు. వాడు కళింగపట్నంలో చేపలు పట్టేవాళ్ళ కొడుకు. ఆ కొండ మీద మన యాస మాట్లాడేది మేమిద్దరమే. "మావోడంటే ఏటనుకున్నారు" అని, తెలుగు రానివాళ్ళకి కూడా తెలుగులోనే చెప్పుకుని తిరిగాడు.

దిగిపోయే రోజు వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళకి మందులు అప్పగించి సామాను సర్దుకుంటున్నాను. ఆ ఇరుకులో వెనక్కి జరగబోయి గంగులు ఎడమ కాలు తొక్కేశాను. వాడు ఉత్త మేజోళ్ళతో కూర్చున్నాడు, నా బూటూ నా బరువూ మొత్తం దాని మీదే పడ్డాయి. వాడు తలైనా తిప్పలేదు. ఆ కాలికి నొప్పే తెలియలేదన్నమాట.

"ఇప్పరా," అన్నాను.

"నిన్న సూసేవు కదా మావా."

"ఇప్పుతావా, కత్తెరెట్టి కోసీమంతావా?"

విప్పాడు. వేళ్ళన్నీ మైనంలా తెల్లబడి గట్టిగా ఉన్నాయి. ముందు రోజు వాడు కుడికాలే రెండుసార్లు చాపాడట. మనవాడే కదా అని నేను కబుర్లలో పడి చూసుకోలేదు.

"ఎందుకు దాసేవురా?"

"ఒక్కడికీ ఏలు పోలేదని అందరూ నిన్ను పొగుడుతన్నారు. ఆకరి దినాన మనోడి వల్లే నీ పేరు పోతాదా మావా? కిందికెలిపోతే సాలు, అక్కడ సూపించుకుందారనుకున్నాను."

తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. "నా పేరు ఏట్లో కలిసిపోనీ. రేపు మీ అమ్మకి ఏటి సెప్పాలిరా నేను?" తిడుతూనే గోరువెచ్చని నీళ్ళలో వాడి కాలు పెట్టించి, హెలికాప్టర్ కోసం రేడియో అందుకున్నాను.

"నీ పోస్టులోనా?" అన్నాడు అవతల అధికారి.

"అవును సార్, నా పోస్టులోనే," అన్నాను. ఆ చలికాలమంతా పొందిన మెప్పులన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. నాకిప్పటికీ దాన్ని తలుచుకుంటేనే గర్వం.

వేళ్ళు దక్కాయి. స్పర్శ తిరిగి వస్తుందో రాదో మాత్రం చెప్పలేమన్నారు డాక్టర్లు. రాకపోతే గంగులుకి అటు కొండా లేదు, ఇటు పడవా లేదు. వాణ్ణి సెలవు మీద ఇంటికి పంపేశారు. కొండ దిగాక నాకు సెలవు దొరికేసరికి మే నెల వచ్చింది.

కళింగపట్నం ఒడ్డున ఎండ నిప్పులు చెరుగుతోంది. గంగులు తల్లి కూర్మమ్మ చేపలు ఎండేస్తోంది. పడవ నీడలో కూర్చున్న గంగులు నన్ను చూడగానే లేచి, ఉత్త కాళ్ళతో ఇసుకలో పరుగెత్తుకొచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరే, సెప్పులేవిరా? ఆ మొద్దుకాలు బొబ్బలెక్కినా నీకు తెలిసి సస్తాదా?"

వాడు సగం దారిలో ఆగిపోయాడు. ఎడమ కాలు ఎత్తి, దించి, మళ్ళీ చటుక్కున ఎత్తాడు. నా వైపు వెర్రిగా చూశాడు.

"మావా, సురుక్కుమంతన్నాది."

"ఏ కాలు?"

"ఎడందే మావా. ఏళ్ళ కాడే."

వాడు ఒంటికాలి మీద గెంతడం మొదలెట్టాడు. గెంతుతూ నవ్వుతున్నాడు, మధ్యమధ్య కావాలనే ఎడమ కాలు ఇసుకలో ఆనించి మరీ కేక పెడుతున్నాడు. నాకు కళ్ళు నిండిపోయాయి, నవ్వూ ఆగలేదు. కూర్మమ్మ గంప పడేసి పరుగెత్తుకొచ్చింది.

"అదేటి బాబూ, పిల్లడి కాలు కాల్తంటే నవ్వుతన్నావు?"

"కాలనీ అమ్మా," అన్నాను. "ఇంకొంచెం కాలనీ."