తలుపుకంటే ఎత్తైన మనిషి

అక్షరాలు ఆలస్యంగా ఒంటబట్టినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా జారిపోతే మీరే సర్దుకోండి. చెయ్యి నెమ్మది కాబట్టి కథ కూడా పొట్టిదే.

ఆ ఉదయం మేస్త్రి చెట్లకు ఆకులు అంటిస్తున్నాడు. పచ్చరంగు పట్టించిన స్పాంజిని కత్తెరతో తురిమి, తీగ కొమ్మలకు జిగురు రాసి, ఆ తురుములో దొర్లించి ఊదితే చెట్టు తయారు. ఊదినప్పుడల్లా సగం అడవి ఆయన మీసాల్లోకే పోయేది. కట్టబోయే మేడలకు అట్టతో, చెక్కతో నమూనాలు చేయడం ఆయన పని. సొంతానికి అద్దె గదే. అయినా "ఊళ్లో సగం మేడలు నా బల్లమీద పుట్టినవేనే" అని భార్య దగ్గర గొప్పలు పోయేవాడు.

"అయితే ఒకదాంట్లో కాపురం పెట్టండి" అనేది ఆవిడ.

బిల్డరు ఆఫీసులో ఒక అలవాటు ఉంది. నమూనాలో ముక్కలన్నీ ముందు గుండుసూదులతోనే నిలబెడతారు. బిల్డరు, మున్సిపాలిటీ ఇంజనీరు, అప్పిచ్చే బ్యాంకు ఆయన, చుట్టుపక్కల వాళ్ల తరఫున ఒకరు బల్లచుట్టూ నిలబడి, ఆ ముక్కల్ని అటూ ఇటూ జరుపుతూ వాదించుకుంటారు. అందరూ సరే అన్నాకే మేస్త్రి జిగురు సీసా మూత తీస్తాడు. ఆయన జిగురు పెట్టాడంటే మాట ఖాయమైనట్టే. సంతకాలు ఆ తర్వాతి తతంగం.

ఆ రోజు బల్లమీద ఉన్నది కింద దుకాణాలు, పైన కాపురాలు ఉండే పెద్ద మేడ. ఆ స్థలం ఏళ్లుగా ఖాళీగా పడి ఉండటంతో వెనక వాడ జనం దాని మధ్యనుంచే రోడ్డెక్కేవాళ్లు. బిల్డరు గీయించిన ప్లానులో ఆ దారి లేదు. ఈ చివరనుంచి ఆ చివరిదాకా దుకాణాలే. ఇక వాళ్లంతా మురుగుకాలువ గట్టుమీదుగా చుట్టుతిరిగి రావాల్సిందే.

వాడ తరఫున వచ్చింది బొంతలక్క. బొంతలు కుట్టి, మూట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముకునే మనిషి. వస్తూనే నడుంమీద చేతులు పెట్టింది.

"మా దారేది బాబూ? మింగేశారా?"

"మింగలేదమ్మా, ఇదిగో" అంటూ బిల్డరు రెండు ముక్కల్ని కాస్త ఎడం చేశాడు.

"పిల్లి నడవడానికా?"

"మనిషే నడుస్తాడు, చూడు" అని బిల్డరు మేస్త్రి డబ్బాలోంచి ఒక బొమ్మ మనిషిని తీసి సందులో పెట్టబోయాడు. చేతికొచ్చింది కాస్తా మేస్త్రి భార్య చేసిన బొమ్మ. అంతకుముందు తీరిక లేక ఆయన ఆవిడకు తీగ, గుడ్డపీలికలు ఇచ్చి మనుషుల్ని చేయమన్నాడు. ఆవిడ ముచ్చటపడి చీరలా గుడ్డమీద గుడ్డ చుట్టి, చేతికో సంచి తగిలించేసరికి బొమ్మ తలుపుకంటే ఎత్తు లేచింది. పారేయడానికి మేస్త్రికి మనసొప్పలేదు.

బొమ్మ సందులో ఇరుక్కుపోయింది. బ్యాంకు ఆయనకు నవ్వాగక టీ పొలమారింది.

"కొలత తప్పు. ఈ లెక్కన ఈవిడ ఏనుగంత ఉంటుంది" అన్నాడు ఇంజనీరు.

"తప్పేనండి. మా ఆవిడ చేసింది" అని మేస్త్రి నీళ్లు నములుతూ బొమ్మను తీయబోయాడు.

"ఉంచు మేస్త్రన్నా!" అంది బొంతలక్క. "నెత్తిన మూటతో నేనూ అంతే ఉంటా. నేను వెళ్తుంటే ఎదురు ఇంకొకళ్లు రావద్దూ? ఈవిడ పట్టేదాకా జరపండి."

బిల్డరు జరిపాడు. ఇంకాస్త జరిపాడు. "రెండు దుకాణాలు పోతాయమ్మా, నా నోట్లో మన్ను కొట్టకు."

ఇంజనీరు గడ్డం గోక్కున్నాడు. "దారిని ప్రజలకే రాసిచ్చేస్తే పైన ఇంకో అంతస్తుకు మా రూల్సులో వీలుంది."

"దుకాణాల మొహాలు దారివైపు తిప్పండి సార్" అన్నాడు బ్యాంకు ఆయన. "జనం నడిచే చోటైతే అద్దెకు ఎగబడతారు."

బిల్డరు బల్లచుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "రాత్రిపూట గేటేసుకోవచ్చా?"

"ఏసుకో. నా మూటతో గుద్ది తీస్తా."

అందరికంటే గట్టిగా బిల్డరే నవ్వాడు. "సరే, గేటొద్దు. మేస్త్రీ, జిగురు!"

మేస్త్రి ఒక్కో ముక్కనూ అంటించి, చివర్లో అడిగాడు. "బొమ్మ తీసేయనా సార్?"

"ఉండనీవయ్యా. రెండు దుకాణాలు పెట్టి కొన్న మనిషి!"

మేస్త్రి దాని కాళ్లకింద చుక్క వేసి, ఆరేదాకా వేలితో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం గదికొచ్చి జరిగిందంతా ఆ నలుగురి గొంతులతో చెప్పాడు. "నీ తప్పుడు కొలతతో ఒక వాడకు దారొచ్చిందే."

"ఇకమీదట కొలతలు నన్నే అడగండి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, కాస్త టీ పెట్టమని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి ఆ కుర్చీలోనే వెళ్లిపోయాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది, మీసాల్లో పచ్చటి తురుమూ ఉంది.

మేడ లేచింది, పైన ఇంకో అంతస్తుతో సహా. దారీ వచ్చింది. ఒంటరిగా ఎందుకని బొంతలక్క ఆ భార్యను చెయ్యిపట్టుకుని తన పక్కగదికి తెచ్చుకుంది. ఆ భార్యను నేనే. దారికిరువైపులా దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూనే చదువు నేర్చుకున్నాను. మేస్త్రమ్మ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. వయసు డెబ్బై దగ్గరపడింది. ఉండేది వెనక వాడలో, దారి దిగగానే మొదటి వాకిలి.

మేడ కింద గాజుపెట్టెలో ఆ నమూనా ఇప్పటికీ ఉంది. దుకాణాల మధ్య, తలుపులకంటే ఎత్తుగా, చేతిలో సంచితో ఆ బొమ్మ నిలబడే ఉంది.