లాగి పట్టు

కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, ఎడమచేత్తో చొక్కా భుజాన్ని బిగలాగి పట్టుకుని, వదిన గోడ గడియారం వైపు చూసింది. ఆదివారం దుకాణం ఒక పూటే. అయినా గంపలో ఇంకా సగం బట్టలున్నాయి. డ్రైక్లీనింగు దుకాణం వెనక గదిలో ఆ ఆవిరికీ వేడికీ ఆవిడ ముంగురులు ఎప్పుడూ నుదుటికి అతుక్కునే ఉంటాయి. మణికట్టు మీద పాత కాలిన మచ్చలు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఇస్త్రీ వదినే. అసలు పేరు యజమానికైనా గుర్తుందో లేదో అనుమానమే. ముడత కనిపిస్తే ఆవిడకి ప్రాణం ఒప్పదు. పోనీ ముడతనైనా భరిస్తుంది గాని, వదులుగా వేలాడేదాన్ని చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

అలాంటి మనిషి నెత్తిన రాసిపెట్టి ఉన్నది చిన్నమ్మాయి.

చిన్నమ్మాయంటే వదిన భర్తకి చెల్లెలు. యాభై దాటి జుట్టు సగం నెరిసినా ఆ ఇంట్లో ఆవిడ చిన్నమ్మాయే. పెళ్ళై వెళ్ళిన ఏడాది తిరక్కుండానే ఒక సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడి, "నాలుగు రోజులుండి పోతా వదినా" అంది. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. అన్నగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ కబుర్లు సగం ఆయన పంచుకునేవాడు. ఆయన పోయాక మొత్తం వదిన చెవులకే మిగిలాయి.

ఆ కబుర్లకి తలా తోకా ఉండదు. చేసే పనికీ ఉండదు. పాలు పొయ్యి మీద పెట్టి ఎదురింటావిడతో గోడ దగ్గర నిలబడుతుంది. కుళాయి తిప్పి మరిచిపోతుంది. పెరట్లో నైలాను తీగ సాగిపోయి, ఆరేసిన దుప్పటి మట్టిలో ఈడ్చుకుంటూంటే, దాన్ని దాటుకుని వెళ్తుందే గాని ఎత్తి పైన వెయ్యదు. మళ్ళీ ఉతుక్కునేది ఎవరు? వదిన.

ఆ తీగ మీద కసితోనే వదిన బడిలో చేరింది. రైలు పట్టాల పక్కన పాత గోదాంలో వీధివాళ్ళంతా కలిసి చేతిపనుల బడి పెట్టుకున్నారు. ఒక మూల బుట్టలల్లేవాళ్ళు, ఇంకో మూల చెక్క గరిటెలు చెక్కేవాళ్ళు, మధ్యలో పొడుగ్గా తాళ్ళు పేనేవాళ్ళు. సాగని తాడొకటి తన చేత్తో తాను పేనుకుని పెరట్లో కట్టుకోవాలని వదిన కోరిక. ఇంకో కోరిక కూడా ఉంది గాని పైకి చెప్పలేదు. వారానికి ఒక పూటైనా చిన్నమ్మాయి గొంతు వినపడని చోట ఉండాలి.

రెండో వారమే ఆ కోరిక తీరిపోయింది. "ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేస్తాను? నేనూ వస్తా వదినా" అంటూ చిన్నమ్మాయి చెప్పులు తొడుక్కుని వెంటపడింది. తాడు పేనడానికి ఎలాగూ ఇద్దరు కావాలి. ఒకే ఇంటి మనుషులు జంటగా దొరికారని తాళ్ళ మేస్త్రి తెగ సంబరపడ్డాడు.

పని చెప్పుకోడానికి తేలికే. ఈ చివర కొక్కేలున్న చక్రం, దానికి తగిలించిన మూడు నార పాయలు. ఆ చివర మూడూ కలిసే ఒక్క కొక్కెం. ఒకరు చక్రం తిప్పుతూంటే పురి ఎక్కుతుంది. రెండోవాళ్ళు ఆ చివర కొక్కేన్ని లాగి పట్టుకోవాలి. పాయలు ఆ చివర్నించే ఒకదాన్నొకటి చుట్టుకుంటూ తాడై ఇటు వస్తాయి. తాడు బిగిసేకొద్దీ పొట్టిదవుతుంది కాబట్టి, ఆ చివరి మనిషి ఒక్కో అడుగే ముందుకి రావాలి. పట్టు సడలిందా, తాడు ఉబ్బి ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన తాడుని మేస్త్రి మొహమాటం లేకుండా విప్పించేస్తాడు. ఇన్ని వారాల్లో వదినా చిన్నమ్మాయీ పేనిన ప్రతి తాడూ విప్పుడుకే పోయింది.

కిందటి ఆదివారం వదిన మేస్త్రిని పక్కకి పిలిచింది. "నాకు జంట మార్చండి బాబూ. ఎవర్నిచ్చినా సరే. మూగవాళ్ళయితే మరీ మంచిది."

"ఇంకొక్క వారం చూడమ్మా. కుదరకపోతే మారుస్తా," అన్నాడాయన.

ఈ సంగతి చిన్నమ్మాయికి తెలియదు. ఇవాళ దుకాణం దగ్గరికే వచ్చి, గుమ్మంలో నిలబడి, వదిన ఆఖరి చొక్కా మడత పెట్టేదాకా యజమానికి తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పింది. దారిలో నడుము నొప్పి గురించి వదినకి చెప్పింది. ఆవిడ ఒంట్లో వంతులవారీగా నొప్పి పుట్టని చోటు లేదు.

గోదాంలో చక్రం దగ్గర వదిన నిలబడింది. ఆ చివర వరండా గుమ్మంలో కొక్కెం పట్టుకుని చిన్నమ్మాయి. వెనక ఎండ ఉండటంతో ఇక్కణ్ణించి ఆకారమే తప్ప మొహం కనిపించదు. గొంతు మాత్రం ఖంగుమని వినిపిస్తుంది.

"నిన్న వంటింట్లోకి పిల్లి వచ్చింది వదినా. ఎదురింటివాళ్ళది కాదు, వేరేది. తోక సగమే ఉంది…"

"లాగి పట్టు!"

"పట్టుకునే ఉన్నాగా. నేనేమో కదలకుండా నిలబడ్డా. అదీ నిలబడింది…"

ఆ చివర అప్పుడే తాడు ఉబ్బుతోంది. గజం మేర ఉండలు కట్టేసింది. ఇదీ విప్పుడుకే. వదినకి ఏడుపొచ్చినంత పనైంది. తీగకి, మట్టి దుప్పటికి, ఈ ఆడపడుచుకి, అన్నిటికీ కలిపి ఒక్కసారి ఏడవాలనిపించింది.

"చెయ్యి గుంజుతోంది వదినా. కాసేపు కూర్చుంటా."

"ఇంకా గుంజలేదేమా అనుకుంటున్నా. పని ఉందంటే చాలు, ఏదో ఒకటి గుంజుతుందిగా నీకు!"

చిన్నమ్మాయి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, కొక్కేన్ని దాని చేతికి తగిలించి, చతికిలబడింది. మేస్త్రి చూస్తే చీవాట్లే. ఆయన బుట్టల వాళ్ళ దగ్గరున్నాడు.

"అప్పుడా పిల్లి ఏం చేసిందో తెలుసా వదినా?"

"తెలీదు. నాకు తెలియక్కర్లేదు. నోరు మూసుకుని లాగి పట్టు!"

చిన్నమ్మాయి నోరు మూసుకుంది.

వదిన కోపం కొద్దీ చక్రం తిప్పింది. తాడు బిగిసింది. కుర్చీ కాళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి. కాసేపాగి మళ్ళీ కీచుమన్నాయి. లేచి అడుగెయ్యడానికి బద్ధకించి కుర్చీతో సహా జరుగుతోంది మహాతల్లి, అనుకుంది వదిన. కానీ ఎన్నడూ లేనిది, తాడు బాగా వస్తోంది. ఎక్కడా ఉబ్బు లేదు. కుర్చీలో బరువు కుదురుగా ఉంది. పాయ మీద పాయ సమానంగా పడుతూ ఇటు వస్తోంది. అటు చూస్తే చిన్నమ్మాయి తల గుండెల మీదికి వాలి ఉంది. కునుకు. బస్సులో, డాక్టరు గదిలో, ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు తీసే మనిషి. పోనీలే, నిద్రలోనైనా పని సరిగ్గా చేస్తోంది.

ఎన్నో ఏళ్ళకి ఆ చెవులకి అంత నిశ్శబ్దం దొరికింది. వదినకి హాయిగా ఉంది. ఆ తర్వాత తల్చుకుని తల్చుకుని తన్ను తాను తిట్టుకున్నది ఆ హాయికే.

మేస్త్రి వచ్చి తాడు మీద అరచేయి పెట్టి ఈ చివర్నించి నడిచాడు. "ఇదమ్మా తాడంటే! ఇంక జంట మార్చేదేముంది?" అంటూ నవ్వుతూ కుర్చీ దాకా వెళ్ళాడు. అక్కడ ఆయన నవ్వు ఆగిపోయింది. వంగి చిన్నమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వదిన చక్రం వదిలేసి నడిచింది. తాడు పొడుగునా నడిచింది. చిన్నమ్మాయి మొహంలో నొప్పేమీ లేదు. ఏదో చెప్పబోతున్నట్టు పెదాలు కొంచెం విడి ఉన్నాయి.

"లేవే," అంది వదిన. "లే. ఇంతకీ ఆ పిల్లి ఏం చేసిందో చెప్పి చావు." ఆ మాట నోటినుంచి వచ్చాక నేల మీద కూలబడి, కుర్చీ కాలు పట్టుకుని, సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చింది.

రావలసినవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. వదిన మళ్ళీ దుకాణానికి వెళ్తోంది. ఒక సాయంత్రం మేస్త్రి ఆ తాడుని చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చి, పెరట్లో తానే కట్టిపెట్టాడు. కడుతూ, వంటింటి గుమ్మం వైపు చివర చూసి చాకు తీశాడు.

"ఈ గజం కోసేస్తానమ్మా. ఇంక తక్కిందానికి వంక పెట్టేవాడుండడు."

"దాని జోలికి పోకండి," అంది వదిన, కొంచెం గట్టిగానే.

ఆయన వెళ్ళాక తడి దుప్పటి తెచ్చి ఆరేసింది. దుప్పటి మట్టికి జానెడు ఎత్తున నిలిచింది. తాడు ఇసుమంత కూడా సాగలేదు. గుమ్మం పక్క గజం మేర మాత్రం ఉండలుండలుగా, వదులుగా, ఇంకా ఏదో వాగుతున్నట్టే ఉంది.