ఎండీ గారి పేజీలో అనసూయమ్మ

మాదాపూర్‌లో అద్దాల మేడలకు కొదవ లేదు. వాటిలో ఒకదాంట్లో, ఊరికి దూరంగా ఉన్న రాళ్లగుట్టలను ప్లాట్లుగా కోసి అమ్మే సంస్థ ఒకటి ఉంది. దాని ఎండీ సురేంద్రకు రాళ్లు అమ్ముకోవడం ఒక్కటే చాలలేదు. జనానికి జీవితమంటే ఏమిటో చెప్పాలన్న దురద కూడా పుట్టింది. ఆ దురద గోకడానికి పెట్టుకున్న మనిషి మునిస్వామి.

రోజూ పొద్దున్నే ఫేస్‌బుక్‌లో ఎండీ గారి పేజీ మీద నాలుగు మంచి మాటలు పడాలి. పైన నీలం కోటు తొడుక్కుని చేతులు కట్టుకున్న ఎండీ ఫొటో ఉంటుంది. కింద మాటలు మునిస్వామివి. మదనపల్లెలో బీఏ చదివి, చాలా ఏళ్లు ఒక పత్రికలో వార్తలు దిద్దిన చెయ్యి ఆయనది. పత్రిక మూతపడ్డాక ఈ కొలువు దొరికింది. ఒక రోజు "ఓర్పు ఉన్నవాడికి ఆకాశమే నిచ్చెన వేస్తుంది" అని రాసేవాడు. ఇంకో రోజు "నిన్ను నువ్వు నమ్మితే నేల నిన్ను నమ్ముతుంది" అని రాసేవాడు. ఆ రెండోదానికి అర్థమేమిటో రాసినవాడికే తెలియదు. ప్లాట్లు మాత్రం బాగానే కదిలాయట.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. పోస్టు పడగానే హెచ్ఆర్ చూసే సుష్మ, వాట్సాప్ గ్రూపులో "సార్ పోస్ట్ లైవ్" అని పెడుతుంది. కాఫీ మిషన్ దగ్గర ఉన్నవాళ్లు అక్కడే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు అక్కడే, ఫోన్లు తీసి కామెంటు పెట్టాలి. ఉత్త బొటనవేలు గుర్తు చెల్లదు, మాటల్లో రాయాలి. ఎవరు ఎగ్గొట్టారో సుష్మ చూసుకుంటుంది. ఈ విద్యలో ఆరితేరినవాడు మార్కెటింగ్ కుర్రాడు నితీష్. పోస్టు తెరవకుండానే పొగడగలడు. గుళ్లో హారతి ఇచ్చే పూజారైనా ఒకసారి విగ్రహం వంక చూస్తాడు. వీళ్లకు ఆ మాత్రం శ్రమ కూడా దండగే.

మునిస్వామికి వీళ్లందరి మీదా ఏవగింపే. అందులో పెద్ద వాటా తనకే ఉంచుకున్నాడు. ఎందుకంటే, మాటలు దొరకని రోజుల్లో ఆయన తన భార్య మాటలు తెచ్చి ఎండీ గారి నోట్లో పెట్టేవాడు. అనసూయమ్మ పోయి మూడేళ్లయింది. "అడిగి పెట్టేది కాదు అన్నం, మొహం చూసి పెట్టేది అన్నం" అనేది ఆమె. ఆ మాట "మా అమ్మ ఎప్పుడూ చెప్పేది" అన్న తోక తగిలించుకుని నీలం కోటు కింద వెలిసింది. "లెజెండరీ మదర్ సార్" అని నితీష్ కామెంటు పెట్టాడు. ఆ సాయంత్రం మునిస్వామి ప్రగతి నగర్‌లోని తన ఫ్లాటుకు వెళ్లి, గోడ మీది ఫొటో వైపు చూడకుండా చెప్పులు విప్పుకున్నాడు.

తన పేరుతో, తన సొంత పేజీలో, వారం వారం ఏదైనా రాయాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. పెద్ద విషయాలేమీ కావు. మనుషులు తెలియకుండానే చేసిపోయే చిన్న చిన్న మేళ్ల గురించి. అనసూయమ్మ నడుము నొప్పి చూసి, స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా పసిబిడ్డను దాటించినట్టు ఆటోను దాటించిన డ్రైవరు గురించి. కానీ ధైర్యం చాలేది కాదు. పరాయి కోటు చాటున లోకానికంతా సుద్దులు చెప్పే కలం, పైన సొంత పేరు కనబడేసరికి నీళ్లు నమిలేది. ఎవరు చదువుతారు? చదివినవాళ్లు ఏమంటారు? ఈ వయసులో పెళ్లాం గుర్తొచ్చిందా అని నవ్వరా?

ఒక పొద్దున ఇంకా ఎవరూ రాకముందే ఆఫీసుకు వచ్చి, కిటికీ పక్కన కూర్చుని, ఫోన్లోనే రాసేశాడు. "నా భార్య పోయి మూడేళ్లయింది" అని మొదలుపెట్టాడు. మదీనాగూడ ఆసుపత్రిలో ఆమె చివరి రోజులు. తిండి మీదా మాట మీదా ఆశ పోయి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. వార్డు ఊడ్చే ఎల్లమ్మ అది చూసి, తను తెచ్చుకున్న డబ్బా విప్పి, పచ్చిపులుసన్నం కలిపి, "తినమ్మా, నోరు జర మంచిగైతది" అంటూ నోటి దగ్గర పెట్టింది. అనసూయమ్మ రెండు ముద్దలు తిన్నది. తిని, "చింతపండు ఎక్కువైంది" అన్నది. అప్పటికి ఎన్నాళ్లనుంచో ఆమె నోట మాట లేదు. ఎల్లమ్మ, మునిస్వామి మొహాలు చూసుకుని నవ్వారు. వంక పెట్టేంత ప్రాణం ఆమెలో ఇంకా ఉందన్నమాట. అక్కడితో ఆపేశాడు.

చదువుకుంటే మళ్లీ వెనక్కి తగ్గుతానని, కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి మంచినీళ్లకు వెళ్లాడు. ఆ ఫోన్లో ఆయన పేజీ ఉంది, ఎండీ గారి పేజీ ఉంది. ఇన్నేళ్లుగా ఆ వేలికి తెలిసింది ఒక్కటే పేజీ.

తిరిగొచ్చేసరికి గ్రూపులో "సార్ పోస్ట్ లైవ్" అని ఉంది. నీలం కోటు కింద అనసూయమ్మ ఉంది. ఆమె కింద ఆఫీసంతా బారులు తీరి ఉంది.

"సూపర్ సార్." "వెరీ ఇన్‌స్పైరింగ్." "ఇలాగే ముందుకు సాగండి సార్." అకౌంట్సులో పెళ్లై నెల తిరగనివాడు "మీ బాటలోనే మేమూ" అని రాశాడు. సుష్మ ఎండీ గారి విజయానికి అభినందనలు తెలిపింది. నితీష్ "గేమ్ చేంజర్" అని, మూడు మంటల బొమ్మలు పెట్టాడు.

మునిస్వామి నిలబడే అన్నీ ఒక్కొక్కటే చదివాడు. వీళ్లు నవ్వుతారని కదా ఇన్నాళ్లూ తను వణికింది. నవ్వాలన్నా ముందు చదవాలి కదా.

ఈలోపు ఫోన్ మోగింది. ఎండీ భార్య శ్రావణి.

"మునిస్వామన్నా, నేను ఎప్పుడు పోయినాను?"

ఆయన తప్పు చెప్పుకోబోయాడు. ఆమె వినే స్థితిలో లేదు. కడపనుంచి వాళ్ల పిన్నమ్మ ఏడ్చుకుంటూ ఫోన్ చేసిందట. "నాకే చేసిందన్నా. నేను పోయినానని నాకే చెప్పి ఏడుస్తా ఉంది. ఎత్తినోళ్లు ఎవురని కూడా అడగల్యా." పోస్టు సగమే చదివానని, తక్కిన సగం చదవడానికి భయమేసిందని, వెంటనే తీసేయమని చెప్పి పెట్టేసింది.

తీసేయబోతుండగా ఎండీ గారి గదినుంచి పిలుపొచ్చింది. కొలువు ఊడిందనుకుంటూ వెళ్లాడు. సురేంద్ర మొహం వెలిగిపోతోంది.

"ఏం స్వామన్నా, ఇట్లాంటి సరుకు ఇన్నాళ్లు యాడ దాచిపెట్టినావు? జనం భలే చూస్తా ఉండారు." అని ఎదురుగా కూర్చోబెట్టాడు. తను ఆసాంతం చదివానన్నాడు. నిజమే. ఆ ఆఫీసులో దాన్ని చదివినవాడు అతనొక్కడే. చదివి అతను తెలుసుకున్నది ఇది: "భార్య అనేది తీసేసి నాయనమ్మ అని పెట్టు. ఇంట్లో గలాటా అయితా ఉంది. ఆ చింతపండు మాట కూడా వద్దు. పోయేటోళ్లు వంకలు పెడితే ఏం బాగుంటాది? రెండు చేతులెత్తి ఆ పనామెకు మొక్కిందని రాయి. చివర్లో అన్నం పరబ్రహ్మం అని ఒక మాట కొట్టు."

మునిస్వామి చేతిలో ఫోన్ ఉంది. మామూలుగా అయితే ఈపాటికి దిద్దడం మొదలుపెట్టేవాడు. అనసూయమ్మ చేతులెత్తి మొక్కుతున్నట్టు ఊహించడానికి ప్రయత్నించాడు. పెళ్లిభోజనంలో కూడా పప్పులో ఉప్పు చాలలేదని వడ్డించేవాడికి మొహం మీదే చెప్పిన మనిషి. మాటలు కావాలంటే ఆమెవి తెచ్చి ఇచ్చాడు. ఇప్పుడు వీళ్లకు ఆమె నాలుకే కావలసి వచ్చింది.

"లేదు సార్. చింతపండు ఎక్కువైందనే అనింది."

"ఎవురు చూడొచ్చినారు అన్నా?"

"నేను చూసినాను."

సురేంద్ర నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. మునిస్వామి రాసినదంతా కాపీ చేసుకుని, అతని ఎదుటే పోస్టు తీసేశాడు. ఆ వెంటనే, ఇక అక్కడ రాసే వీల్లేకుండా, ఎండీ గారి పేజీనుంచే తన ఫోన్‌ను తప్పించేశాడు.

"నువ్వు లేకుంటే నిలబడిపోతాదా? రేపటినుంచి కంప్యూటరే రాస్తాది."

"రాయనీండి సార్. మొక్కమంటే అది మొక్కుతాది."

లిఫ్టు దగ్గర నితీష్ ఎదురయ్యాడు. గోడలకు చెవులున్న ఆఫీసు, వార్త అప్పుడే అందినట్టుంది. అటూ ఇటూ చూసి, "అంకుల్, మీ పోస్ట్ చాలా బాగుందంట కదా" అన్నాడు. చదివావా అని అడిగితే, సాయంత్రం తప్పకుండా చదువుతానన్నాడు. ఆ పోస్టు అప్పటికే మాయమైందని కూడా వాడికి తెలియదు. మునిస్వామి వాడి భుజం తట్టి కిందికి దిగాడు.

బస్టాపు బెంచీ మీద కూర్చుని, ఫోన్లో పేజీ ఎవరిదో ఈసారి కళ్లు బాగా తెరిచి చూసుకున్నాడు. పైన తన పేరే ఉంది. పక్కన ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటో, అందులో ఎవరో తిట్టినట్టున్న మొహం. ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాడు.

ఏ గ్రూపులోనూ ఎవరూ ఏదీ ప్రకటించలేదు. ఆఫీసువాళ్లు ఒక్కరూ ఆ ఛాయలకు రాలేదు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయనకు లేవబుద్ధి కాలేదు. ఎండ బెంచీ మీదికి జరిగే వేళకు ఒకే ఒక్క కామెంటు పడింది. పేరు కింద ఊరు బాచుపల్లి అని రాసుకున్న సరిత అనే ఆమె, ముక్కూ మొహం తెలియదు.

"పచ్చిపులుసుల చింతపండు గంతే పడాలె సార్. మీ పేరు కింద మదనపల్లె అని ఉన్నది, మీది అటు దిక్కు గదా, మీ ఇంటామెకు ఎరుక లేదనుకుంట. ఎల్లమ్మ మంచిగనే చేసింది."

మునిస్వామికి చప్పున కోపం వచ్చింది. ఎరుక లేదా? అనసూయమ్మకా? ఆమె తరఫున ఎవరితోనైనా పోట్లాడి ఎంత కాలమైందో. కళ్లజోడు సవరించుకుని, అమ్మా, మా ఇంట్లో పులుసు సంగతిలో ఆమె మాటకు ఎదురు లేదు, ఆ రోజు నేను కూడా రుచి చూశాను, చింతపండు ఎక్కువే, అని మొదలుపెట్టాడు. అంతలోనే సరిత ఇంకేదో రాస్తున్నట్టు కింద చుక్కలు కదిలాయి.

ప్రగతి నగర్ బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఆయన చూడలేదు.