నాన్న బిగించిన సూటు

మా రిఫైనరీలో ఆల్కైలేషన్ యూనిట్ అంటే అందరికీ కొంచెం భయం, కొంచెం గౌరవం. మిగతా యూనిట్ల నుంచి వచ్చే తేలికపాటి గ్యాసులను అక్కడ ఘాటైన యాసిడ్‌తో కలుపుతారు. రెండు చిన్న అణువులు జతకట్టి ఒక పెద్ద అణువు అవుతాయి. పెట్రోలులో కలపడానికి అంత మేలైన సరుకు మరొకటి దొరకడం కష్టం. యాసిడ్ మాత్రం సంబంధం కుదిర్చిన పెద్దమనిషిలా పక్కకు తప్పుకుంటుంది.

అయితే అదే యాసిడ్ ఒంటిమీద పడితే ఒక్కోసారి వెంటనే మంట తెలియదు. తెలిసేసరికి ఎముక దాకా పోతుంది. అందుకే ఆ పైపుల మధ్యకు ఎవరూ ఒంటరిగా వెళ్లరు. ఇద్దరు వెళ్లాలి, ఒకరికొకరు రబ్బరు సూటు తొడగాలి. నా సూటుకు జవాబుదారీ నేను కాదు, నాకు తొడిగిన మనిషి.

నాకు తొడిగే మనిషిని యూనిట్ అంతా బాబాయ్ అంటుంది. జుట్టు నెరిసిన ఆపరేటర్. మొదటిరోజు నాకు సూటు వేసి, చుట్టూ తిరిగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఇందులో ఇద్దరు పడతారమ్మా. రెండో ఆవిడ ఎక్కడ?”

కంట్రోల్ రూమ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ చెయ్యి పైకెత్తగానే వదులు స్లీవు జారి, గ్లవ్ పైన మణికట్టు బయటపడింది. బాబాయ్ నవ్వు ఆగిపోయింది.

“ఇలా అయితే లోపలికి పంపను.”

మేనేజరు గారికీ వేరే దారి లేదు. “లోపలికి వెళ్లలేని ఇంజనీరు ఈ యూనిట్‌లో ఏం చేస్తుందమ్మా? ఈ వారంలో తేలకపోతే ప్లానింగ్ ఆఫీసుకు మారుస్తాను” అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనే మొదలు. బొమ్మలు చూసి చదువుకున్న రియాక్టరు కళ్లెదుట ఉంటే, దాన్ని కిటికీలోంచి చూసి ఆఫీసుకు పోవాలా?

స్టోర్‌లో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న సూటు అడిగి తీసుకున్నాను. ఎవరూ వాడని కొత్తది గనుక, తొడుక్కోవడం అలవాటు చేసుకుంటానంటే ఇంటికి తీసుకెళ్లనిచ్చారు.

నాన్న దర్జీ. మా ముందుగదే దుకాణం. సూటులో నన్ను చూసి కుట్టుమిషను ఆపేశాడు.

“ఎవడమ్మా దీన్ని కత్తిరించింది? బీరువాకి కొలతలు తీసినట్టుంది.”

“కంపెనీది నాన్నా. ఇలాగే వస్తాయి.”

“కంపెనీవాళ్లకి కూతుళ్లు లేరా?” అంటూనే మెడలోని టేపు తీశాడు. “ఇటు తిరుగమ్మా.”

చిన్నప్పటి నుంచి విన్న మాటే గనుక తిరిగాను. సరదాకి కొలుస్తున్నాడనుకుని నిద్రపోయాను.

తెల్లారేసరికి సూటు ఇస్త్రీ బల్లమీద మడతపెట్టి ఉంది. రెండు పక్కలా లోపలికి పట్టి, చేతులు బిగించి, జంట కుట్టు వేశాడు. తొడుక్కుంటే నాకోసమే పుట్టినట్టుంది. చెయ్యి ఎత్తినా దించినా మణికట్టు కనపడలేదు. మురిసిపోతున్న నాన్న మొహం చూస్తుంటే నాకు ఇంకేమీ తోచలేదు.

యూనిట్‌లో బాబాయ్ ఆ కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. మెడ, చేతులు, కాళ్ల దగ్గర మూసేసి సూటులోకి గాలి నింపాడు. కుంచెతో సబ్బునీళ్లు పూశాడు.

బుడగలు లేచాయి. చంక నుంచి మడమ దాకా, నాన్న కుట్టంత సమానంగా, వరుసగా.

సూది పడిన ప్రతిచోటా యాసిడ్‌కి దారి. నేను తల దించుకున్నాను.

“మీ నాన్న తప్పేం లేదు” అన్నాడు బాబాయ్. “బట్టకి సూది పడాలి, దీనికి పడకూడదు. అతుకు వేడితో కరిగించి వెయ్యాలి. ఆయనకి ఎవరు చెప్పారు గనక?” సూటు భుజాన వేసుకుని నేరుగా మేనేజరు గదికి నడిచాడు. నేను వెనకాల.

“సార్, చిన్న సైజని ఎన్నిసార్లు రాసినా సూట్లు చేసేవాళ్లు ఇద్దరు పట్టేవే పంపుతున్నారు. ఈసారి దీన్నే పంపుదాం. ఈ కొలతకి, కుట్టు లేకుండా చేసిమ్మందాం.”

మేనేజరు గారు జంట కుట్టును అటూ ఇటూ తిప్పి చూశారు. సూట్లు తయారుచేసేవాళ్లకి ఫోన్ చేశారు. పెట్టేశాక నాతో అన్నారు, “వచ్చేదాకా కంట్రోల్ రూమ్‌లో పని నేర్చుకో. ఆఫీసు మాట మర్చిపో.”

ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

“అంటే... నేను బిగించింది వేసుకుని నువ్వు లోపలికి వెళ్లుంటే?”

“వెళ్లనివ్వరు నాన్నా. బాబాయ్ చూస్తాడు.”

“ఆయన చూడకపోతే?”

“చూడకుండా ఎవరినీ పంపడు.”

కత్తెర కింద పెట్టి, “ఆయన చొక్కా కొలతలు కనుక్కుని రా” అన్నాడు.

కొత్త సూటు వచ్చినరోజు బాబాయ్ డ్యూటీకి లేతనీలం చొక్కాతో వచ్చాడు. “మీ నాన్న చేతిలో పడ్డాక నా పొట్ట తగ్గింది చూశావా?” అని అందరికీ చూపించుకుని, మడిచి లాకరులో పెట్టాడు. తర్వాత నాకు సూటు తొడిగాడు. జిప్పు లాగాడు, గ్లవ్ అంచు తడిమాడు.

“ఇటు తిరుగమ్మా.”

తిరిగాను.

“బావుంది” అన్నాడు. ఇక నా వంతు. ఆయన సూటు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క అంచూ తడిమి తొడిగాను.

“తిరగండి బాబాయ్” అన్నాను.